ఇరవై నాలుగు ఊటలు

పోయిన వారం మనం కార్డుల కొట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర ఆగాం. మూడు ఆటల పందెంలో చెరొకటీ గెలిచారు. మూడో ఆటకి ముందు కొట్టాయన పది నిమిషాలు విరామం ఇచ్చాడు. ఆ పది నిమిషాల్లో మన పదిహేడక్క నాలుగు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి. పదిహేడక్కకి ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. కార్డులు అచ్చు వేసే ప్రెస్సులో, ప్యాకింగ్ సెక్షన్‌లో ఆమె నంబరు పదిహేడు. పెట్టెలో అరవై ముక్కలూ సరిగ్గా ఉన్నాయో లేదో లెక్క చూసి, చిన్న చీటీ మీద పెన్సిలుతో తన నంబరు వేసి, ఆ చీటీని పెట్టెలో పడేసి మూత పెట్టడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా అదే పని. ఇంట్లో వాళ్ళాయన కూడా ఒక్కోసారి పొరపాటున "పదిహేడూ" అని పిలుస్తాడు, ఆమె కూడా పొరపాటున పలుకుతుంది.

ఈ ఏడాది ఆమె చేతుల మీదుగా వెళ్ళినవన్నీ "నది కావలి" అనే కొత్త స్టార్టర్ డెక్ పెట్టెలే. ఆట రానివాళ్ళు కొనుక్కుని, విప్పి, అప్పటికప్పుడు ఆడుకోవడానికి కంపెనీవాళ్ళే ముందుగా కూర్చి ఇచ్చే అరవై ముక్కలన్నమాట. రెండు నెలల కిందట, వరసగా మూడేళ్ళు పోటీల్లో నెగ్గిన ఒక కుర్రాడు ఆ పెట్టెని కెమెరా ముందు విప్పాడు. మూడు లోపాలు చెప్పి, చివర్లో పెట్టెని తీసుకెళ్ళి చెత్తబుట్ట మీద నిలబెట్టాడు. అందరూ వాణ్ణి చాంపియన్ అనే పిలుస్తారు. చాంపియన్ అన్నాక ఇంకేముంది, కొట్లవాళ్ళంతా పెట్టెలు వెనక్కి పంపేశారు. నెలాఖరులోగా ఆర్డర్లు రాకపోతే ప్యాకింగ్ సెక్షన్ మూసేసి, పంతొమ్మిది మంది ఆడవాళ్ళనీ ఇంటికి పంపేస్తామని యజమాని గోడకి కాగితం అంటించాడు.

అది చదివాక పదిహేడక్కకి ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో చదువుతున్న కూతురి దగ్గర కూర్చుని ఆరు వారాలు ఆట నేర్చుకుంది. నేర్చుకుని తిన్నగా వెళ్ళి చాంపియన్‌నే సవాలు చేసింది. ఒక్క ముక్క కూడా మార్చకుండా, పెట్టెలో వచ్చింది వచ్చినట్టు ఆడి గెలుస్తానంది. గెలిస్తే అదే కెమెరా ముందు మాట వెనక్కి తీసుకోవాలంది. వాడు నవ్వి సరేనన్నాడు.

అదీ సంగతి. ఇక లోపలికి వెళదాం.

"ఆంటీ, ఇప్పటికైనా మించిపోయింది లేదు," అన్నాడు చాంపియన్ కుర్చీలో వెనక్కి వాలి. వాడి ముక్కలన్నీ ఒక్కోటీ ప్లాస్టిక్ తొడుగులో మెరుస్తున్నాయి. "ఒకాట గెలిచారు. దాంతో ఇంటికెళ్ళిపోతే పరువు దక్కుతుంది."

"ఎవరి పరువు బాబూ?"

కిటికీ అవతల వీధిలో నిలబడ్డ సెక్షన్ ఆడవాళ్ళు పద్దెనిమిది మందీ ఒక్కసారి నవ్వారు. ఆదివారం సెలవుని వదులుకుని పొద్దున్నుంచీ వాళ్ళక్కడే ఉన్నారు. చాంపియన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేను మూడు లోపాలు చెప్పాను. ఒక్కటైనా అబద్ధమా?"

"మొదటిది నిజమే," అంది పదిహేడక్క. "దూకి వచ్చేవాళ్ళని ఆపే ముక్క మా పెట్టెలో ఒక్కటీ లేదు. రెండోదీ నిజమే. ఆట తిప్పే ముక్క ఒకే ఒక్కటి, వరద. అది చేతికి రాకపోతే మేం చేతులెత్తేయాల్సిందే. మొదటాటలో అలాగేగా నువ్వు నన్ను పదినిమిషాల్లో ఇంటికి పంపింది."

"మరి?"

"మూడోది మాత్రం ఒప్పుకోను. నీళ్ళు చాలవన్నావు చూడు, అది. మా పెట్టెకి ఉన్న బలమే నీళ్ళు."

"ఆడి చూసి చెప్పానాంటీ."

"నేను సర్ది చూసి చెబుతున్నాను."

ఇక్కడ ఆట గురించి నాలుగు మాటలు చెప్పకపోతే మీరు నన్ను తిట్టుకుంటారు. ఇద్దరికీ చెరో కోట, కోటకి ఇరవై రాళ్ళు. రాళ్ళన్నీ పోయినవాళ్ళు ఓడినట్టు. ఊట అనే నీలం ముక్కలు నీళ్ళిస్తాయి, ఆ నీళ్ళు ఖర్చు పెట్టి మిగతా ముక్కల్ని బల్ల మీదికి దించాలి. మొదట చేతిలోకి ఏడు ముక్కలు, తర్వాత వంతుకి ఒక్కటి. వంతుకి ఒక ఊట మాత్రమే పరచుకోవచ్చు. పదిహేడక్క పెట్టెలో చవగ్గా దిగే కావలివాళ్ళు, కొన్ని చిల్లర మంత్రాలు ఉంటాయి, చాంపియన్ డెక్‌లో కావలివాళ్ళ తల మీంచి దూకే నిప్పు గుర్రాలు ఉంటాయి. వరద ముక్కకి ఏడు ఊటలు కావాలి. అది పడిందంటే బల్ల మీద ఉన్న నిప్పంతా ఆరిపోతుంది, నీళ్ళలో పుట్టిన కావలివాళ్ళకి మాత్రం ఏమీ కాదు.

కొట్టాయన గంట మోగించాడు. పదిహేడక్క తన అరవై ముక్కల్నీ చేతిలోకి తీసుకుని, ఎప్పటిలాగే బల్ల మీద ఏడు కుప్పలుగా ఒక్కోటీ వేయడం మొదలుపెట్టింది.

"మళ్ళీ మొదలెట్టారా!" అన్నాడు చాంపియన్. "రెండుసార్లు చప్‌చప్‌మని కలిపితే అయిపోయేదానికి ఈ ముగ్గులేంటి?"

ఆమె కుప్పలు వేస్తూనే ఉంది. కొత్త ముక్కల మీద వార్నిష్ ఆరినట్టే ఉంటుంది కానీ, రెండేసి మూడేసి అతుక్కునే ఉంటాయి. పైగా మెషీన్ నుంచి వచ్చేటప్పుడు ఊటలన్నీ ఒకచోట, కావలివాళ్ళంతా ఒకచోట వస్తారు. అరిగిన ముక్కల్ని కలిపినట్టు వాటిని కలిపితే పైపైన కలుస్తాయి, లోపల గుంపులు గుంపులుగానే ఉండిపోతాయి. వేలితో విడదీసి ఏడు కుప్పలు వేస్తేనే కలిసినట్టు. ఈ విద్య ఆమెకి నేర్పింది పెద్దక్క.

పెద్దక్కని తలుచుకోగానే పదిహేడక్క వేళ్ళు ఒక్క క్షణం నెమ్మదించాయి. సెక్షన్‌లో మూడో నంబరు ఆమెది. లెక్క నేర్పింది, ముక్క అంచు తడిమి మంచిదో కాదో చెప్పడం నేర్పింది. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కళ్ళజోడు బల్ల మీదే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ కనిపించలేదు. మూడో నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఏడు కుప్పలూ ఒకటయ్యాయి. చాంపియన్ విసుగ్గా డెక్ కోసి ఇచ్చాడు. ఆట మొదలైంది.

పదిహేడక్క ఏడు ముక్కలూ విప్పి ఒక్కోటీ చూసుకుంది. వాటిలో వరద ఉంది. మొదటి చేతిలోనే! అయితే సంబరపడటానికి లేదు, ఏడు ఊటలు పడేదాకా అది ఉన్నా లేనట్టే. అప్పటిదాకా కోట నిలబడాలి. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా దాన్ని చేతిలో అన్నిటికన్నా ఎడమ పక్కకి జరిపింది. కుర్చీ వెనక నిలబడ్డ కూతురు అది చూసి, తల్లి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"తల్లీ, నా భుజం నాకు కావాలే," అంది ఆమె చిన్నగా.

చాంపియన్ ఆట గురించి అబద్ధం చెప్పకూడదు, వాడు ఊరికే చాంపియన్ కాలేదు. రెండో వంతుకే మొదటి గుర్రాన్ని దించాడు, మూడో వంతుకి రెండోదాన్ని. పదిహేడక్క కావలివాళ్ళని వరసగా నిలబెట్టింది, వాళ్ళు మూడుసార్లు వెళ్ళి రెండేసి రాళ్ళు కొట్టి వచ్చారు. వాడి కోట పద్నాలుగుకి దిగింది, అక్కడితో గుర్రాలు అడ్డు నిలిచి వాళ్ళ దారి మూసేశాయి. ఈలోగా గుర్రాలు దూకడమూ మొదలైంది. ఒక్కో గుర్రం వంతుకో రాయి చొప్పున పడగొడుతోంది. వాటిని ఆపేవాడు లేడు, వాడు చెప్పిన మొదటి లోపం అక్షరాలా నిజమవుతోంది. పదిహేను. పదమూడు. పది. కిటికీ అవతల ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. వాళ్ళలో అందరికన్నా చిన్నమ్మాయి అద్దానికి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది.

చాంపియన్ తొమ్మిదో వంతు అయ్యేసరికి పదిహేడక్క కోటకి మూడే రాళ్ళు మిగిలాయి. వాడి పక్క నాలుగు గుర్రాలు. వచ్చే వంతులో అవి మళ్ళీ దూకితే ఆట ముగిసినట్టే.

వాడి చేతిలో ఇంకా ఒక్క ముక్క ఉంది. వాడు బల్ల అవతల ఆమె పరచుకున్న ఊటల్ని కళ్ళతోనే లెక్కపెట్టాడు. ఆరు. మూతి విరిచాడు.

"ఆరొచ్చాయంటే గొప్పే. ఇంక రావులెండి," అని చేతిలో ఉన్న అయిదో గుర్రాన్ని కూడా బల్ల మీదికి విసిరాడు.

అవసరమా? లేదు. నాలుగే చాలు. కానీ మూడేళ్ళుగా ఓడనివాడికి నాలుగు చాలని అనిపించదు కదా, చూసేవాళ్ళు నోరు వెళ్ళబెట్టాలి. కొట్టాయన మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని ఆ అయిదో గుర్రం వంక కాస్త విచిత్రంగా చూశాడు.

పదిహేడక్క వంతు వచ్చింది.

ఆమె ముక్క తీయలేదు. చెయ్యి డెక్ మీద పెట్టి అలాగే ఉండిపోయింది. వాడు ఆమెకి భయమేసిందనుకున్నాడు. ఆమె లెక్క పెట్టుకుంటోంది. ఇప్పటిదాకా చూసిన ముక్కలు పదిహేను. వాటిలో ఊటలు ఆరు. డెక్‌లో మిగిలినవి నలభై అయిదు, అందులో ఊటలు పద్దెనిమిది. ప్రతి అయిదింట్లో రెండు. తన చేత్తో నలభై వేల పెట్టెలు సర్దింది. ఏ పెట్టెలోనూ ఆ లెక్క తప్పలేదు. తప్పనివ్వలేదు. ముక్క ఏది వస్తుందో ఆమెకి తెలియదు కానీ, ఏమేం ఉన్నాయో మాత్రం ఈ లోకంలో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ మాట మనసులో అనుకోగానే ఆమె భయం ఎటు పోయిందో పోయింది.

ముక్క తీసింది. తిప్పకుండానే అంచు మీద బొటనవేలు నడిపింది, పద్నాలుగేళ్ళ అలవాటు. తర్వాత తిప్పి చూసింది.

నీలం.

దాన్ని ఆరింటి పక్కన పెట్టి, వేలితో తాకుతూ ఒక్కోటీ లెక్కపెట్టింది. పైకే లెక్కపెట్టింది, సెక్షన్‌లో లెక్కపెట్టినట్టు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు." అద్దం అవతల పద్దెనిమిది గొంతులు ఆమెతో పాటు లెక్కపెట్టాయి. ఏడు దగ్గర ఆ గొంతులు కీచుమన్నాయి.

ఎడమ చివరనున్న ముక్కని తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"వరద," అంది.

చాంపియన్ ముందుకి వంగాడు. అయిదు గుర్రాలూ ఒక్కోటీ వాడే తీసి పక్కన పడేసుకోవాల్సి వచ్చింది, ఆట నియమం అది. ఆ అయిదోదాన్ని తీసేటప్పుడు వాడి చెయ్యి ఆగింది. దాన్ని చేతిలో దాచుకుని ఉంటే వాడికి ఇంకా దారి ఉండేది. ఆ సంగతి వాడికీ తెలిసింది, పదిహేడక్కకీ తెలిసింది, కొట్టాయనకైతే అందరికన్నా ముందే తెలిసింది.

నలుగురు కావలివాళ్ళు కదిలారు. పద్నాలుగులోంచి ఎనిమిది పోయి ఆరు మిగిలాయి. వాడు ముక్క తీశాడు, ఇంకో గుర్రం వచ్చింది. వచ్చిన వంతులోనే గుర్రం పరుగెత్తదు. దాన్ని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు. మళ్ళీ ఆమె వంతు. నలుగురు వెళ్ళారు. గుర్రం ఒక్కణ్ణే ఆపగలిగింది. ముగ్గురు రెండేసి.

ఆరు.

కొట్టాయన చాంపియన్ కోట లెక్కలో సున్నా వేశాడు. ఆ తర్వాత కూతురు "అమ్మా!" అని వేసిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. తలుపు తోసుకుని పద్దెనిమిది మందీ లోపలికి పడ్డారు. చిన్నమ్మాయి ఏడుస్తోంది, నవ్వుతోంది, పదిహేడక్క మెడ పట్టుకుని వదలడంలేదు. "అక్కా, రేపు పనికి రావచ్చా? రావచ్చా అక్కా?" అని అడుగుతోంది. పదిహేడక్క తల ఊపింది, ఒకసారి కాదు, పదిసార్లు.

"ఆగండి!"

చాంపియన్ లేచి నిలబడ్డాడు. వాడి ముఖంలో కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది.

"తొమ్మిదో వంతుకి ఏడు ఊటలా? ఈ డెక్‌లో అన్ని రావు. ఎలా వస్తాయి? నేను లెక్కపెట్టాను, ఉన్నవే పద్దెనిమిది!"

పదిహేడక్క చిన్నమ్మాయి చేతులు మెల్లగా విడిపించుకుంది.

"ఎన్నీ?"

"పద్దెనిమిది."

"ఇరవై నాలుగు," అంది ఆమె. అరవలేదు. పిల్లలకి ఎక్కం చెప్పినట్టు చెప్పింది.

కొట్టాయన మధ్యలోకి వచ్చాడు. "బాబూ, ఈ పెట్టె వెనక్కి పంపగా మిగిలింది, నా బీరువాలోంచి నేను తీశాను. సీలు నీ చేత్తో నువ్వు కోశావు. ఇంక గొడవెందుకు, అందరి ముందూ లెక్కపెడితే పోతుందిగా," అని ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. ఊటలు ఇరవై నాలుగు. కావలివాళ్ళు ఇరవై ఎనిమిది. మంత్రాలు ఏడు. వరద ఒక్కటి. మొత్తం అరవై.

చాంపియన్ తన సంచీలోంచి మూలలు నలిగిన పెట్టె ఒకటి తీశాడు. ఆ రోజు చెత్తబుట్ట మీద నిలబెట్టిన పెట్టే అది. అందులోవి కూడా కొట్టాయన పక్కనే పరిచాడు. వరద ఒక్కటి, మంత్రాలు ఏడు, కావలివాళ్ళు ముప్పై నాలుగు. ఊటలు పద్దెనిమిది. మొత్తం మాత్రం అరవయ్యే.

ఆరు ఊటలు తక్కువ, వాటి బదులు ఆరుగురు కావలివాళ్ళు ఎక్కువ. చాంపియన్ ఆ రెండు వరసల వంకా చాలాసేపు చూశాడు. తర్వాత, వాడిలో ఉన్న మంచితనాన్ని మెచ్చుకోవాలి, ఎవరూ అడక్కుండానే, ఆట పట్టడానికి బల్ల చివర పెట్టిన కెమెరాని తన వైపుకి తిప్పుకున్నాడు.

"నది కావలి గురించి నేను చెప్పిన మూడో లోపం డెక్‌ది కాదు," అన్నాడు. "ఒక్క పెట్టె విప్పి, ఇంకోటి విప్పి చూడకుండా మాట్లాడాను. ఆ లోపం నాది. కొత్తగా ఆట నేర్చుకునేవాళ్ళకి ఇంత నిలకడగా నీళ్ళిచ్చే డెక్ ఇంకోటి లేదు. ఇప్పుడే దాని చేతిలో ఓడిపోయాను." కాస్త ఆగి, "మొదటి రెండు లోపాలు మాత్రం వెనక్కి తీసుకోను," అన్నాడు.

"తీసుకోకు బాబూ. నిజాన్ని ఎందుకు తీసుకుంటావు?" అంది పదిహేడక్క.

కొట్లో నవ్వులు, చప్పట్లు. కొట్టాయన అప్పటికే ఫోనందుకుని, వెనక్కి పంపిన పెట్టెలన్నీ తిరిగి పంపమనీ, వాటితో పాటు మరో రెండొందలు కావాలనీ ప్రెస్సు యజమానికి చెబుతున్నాడు. ఆడవాళ్ళు ఆ ఫోను చుట్టూ మూగారు. పద్నాలుగేళ్ళలో పదిహేడక్క ఎన్నడూ ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. నీళ్ళగ్లాసు అందుకోబోయి, నలిగిన పెట్టె వైపు చూసింది. ఊరుకోలేకపోయింది. తప్పు లెక్క ఉన్న పెట్టెని అలా వదిలేయడం ఆమెకి చేతకాదు. దాన్ని సర్దినవాళ్ళెవరో చూడాలి. అడుగున వేలు పెట్టి చీటీ తీసింది.

చీటీ మీద పెన్సిలుతో ఒకే అంకె ఉంది. మూడు.

కింద తోక దగ్గర చిన్న మెలిక. ఆ మెలిక పెట్టకపోతే అంకెలు దొంగల పాలవుతాయని చెప్పి, తన చెయ్యి పట్టుకుని పదిహేడు రాయించిన మనిషి మెలిక అది.

"బాబూ," అంది. చీటీ వాడి ముందుకి చాపింది. "ఈ పెట్టె ఎక్కడ కొన్నావు?"

"కొనలేదాంటీ. పోటీల దగ్గర ఒక పెద్దావిడ తెచ్చిచ్చింది. విప్పి, ఉన్నది ఉన్నట్టు లోకానికి చెప్పు నాయనా అంది. అందుకే..." వాడు మాట ఆపి, ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. "అదిగో, ఆవిడే. ఆట మొదలైనప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉంది."

పదిహేడక్క వెనక్కి తిరిగింది.

గుమ్మం పక్కన, ఇందాకటి హడావుడిలో ఎవరి కంటా పడకుండా, కార్డుల బీరువాకి ఆనుకుని పెద్దక్క నిలబడి ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. ఆమె పదిహేడక్క వైపే చూస్తూ, గర్వమో దుఃఖమో తెలియని ముఖంతో కుడిచెయ్యి మెల్లగా పైకెత్తింది. ఆ చేతిలో, వరసగా పరిచి పట్టుకున్న నీలం ముక్కలు ఉన్నాయి.

పదిహేడక్క అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఆరు.